తిన్నది వంటబట్టని రోజులు

మా వీధిలోకి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. నెల పైగా కడుపు నిలవక మంచం పట్టిందని విని చూడబోయాను. "ఏమీ లేదు పెద్దమ్మా, వేడి చేసింది అంతే" అని నవ్వింది. నాలుక చూపించమన్నాను. సిగ్గుపడుతూనే చాపింది. ఎర్రగా, నున్నగా, అంచుల వెంబడి పుండ్లు. నా ఇరవయ్యో ఏటి నాలుకను నేనే ఎదురుగా కూర్చుని చూసినట్లయింది.

"రేపే డాక్టరు దగ్గరికి పో. మజ్జిగ మానొద్దు" అని చెప్పి ఇంటికి వచ్చాను. వచ్చాక, చెప్పాల్సింది అంతే కాదనిపించింది. ఈ జబ్బు పేగుల్లో మొదలవుతుంది గానీ పేగుల్లోనే ఉండిపోదు. మా ఇంట్లో అది మనుషుల మధ్యకు కూడా వచ్చింది. ఆ సంగతి మొదటినుంచీ రాయాలని కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకోవాలి.

1955

నా పుట్టిల్లు మహానంది దగ్గర అరటితోటల ఊరు. కొండ మీదినుంచి దిగే నీళ్ళు ఏడాది పొడుగునా కాలువల్లో పారుతూనే ఉండేవి. ఎండాకాలంలో కూడా కాళ్ళు తడవకుండా తోటలోకి పోలేకపోయేవాళ్ళం. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాయనే పెంచాడు. పదిహేడో ఏట ఆళ్ళగడ్డకు ఇచ్చారు. అక్కడ నల్లరేగడి భూములు, జొన్న, పత్తి. నీళ్ళ శబ్దం వినబడక కొంతకాలం నాకు నిద్ర పట్టలేదు.

అత్తగారింట్లో ఐదుగురం. అత్త, మా బావగారు, ఆయన భార్య ఓబులమ్మ, మా ఆయన, నేను. ఓబులమ్మ నాకన్నా పదేళ్ళు పెద్దది, కొత్తపల్లె పిల్ల. నేను ఓబులక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు పిల్లలు లేరు. వంటిల్లంతా ఆమె చేతిలోనే ఉండేది. బియ్యం తిండికి అలవాటు పడిన నాకు జొన్నరొట్టె తట్టడం నేర్పించింది ఆమే. మొదటి నెలంతా నా రొట్టెలు పెనం మీద వేసేలోపే విరిగిపోయేవి. విరిగిన ముక్కలన్నీ తన అన్నం తట్టలో వేసుకుని, తాను తట్టిన రొట్టె అత్తకు పెట్టి, "ఇది లచ్చుమి చేసింది" అనేది. అత్తకు చివరిదాకా ఆ సంగతి తెలియదు.

పొద్దున్నే ఆమె రొట్టెలు తడుతూంటే ఆ చప్పుడు పెరట్లోదాకా వినిపించేది. వేడి రొట్టె మీద వెన్నముద్ద, పక్కన పచ్చిమిరపకాయల ఊరిబిండి పచ్చడి. కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగినా రెండో రొట్టెకు చెయ్యి చాపేదాన్ని. ఆ కాలంలో కడుపు అనేది ఒకటుందని నాకు తెలియదు. ఆకలి మాత్రమే తెలుసు.

ఆ ఏడు ఎండలు ముదిరాక కూతురు పుట్టింది. అమ్మ లేదు గనక కాన్పు ఆళ్ళగడ్డలోనే జరిగింది. బాలింత పథ్యాలన్నీ అత్త దగ్గరుండి చేయించింది. మూడో నెలలో నా కడుపు చెడింది.

"బాలింత విరేచనాలు. ఎవురికి రాలా? నెల దినాలుంటాయి, పోతాయి" అంది అత్త.

నెల పోయింది, రెండు నెలలు పోయాయి, అవి మాత్రం పోలేదు. తిన్న పావుగంటకు కడుపులో బండి చక్రాలు దొర్లినట్టు గడగడమనేది. లేచి పరుగెత్తాలి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు బయటికి పోవాలంటే తెల్లవారకముందో, పొద్దు గూకాకో. మిట్టమధ్యాహ్నం ఊరి మధ్యలోంచి చెంబు పట్టుకుని పోవడమంటే ఎంత అవమానమో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. నాకు రోజుకు ఆరుసార్లు, ఎనిమిదిసార్లు ఆ అవమానం. ప్రతిసారీ ఓబులక్క వెంట వచ్చేది. చేతిలో పని అక్కడే వదిలేసి, పిల్లను చంకనేసుకుని, నా ముందు నడిచేది. జముడు కంచె పక్కన తన కొంగు విప్పి అడ్డం పట్టుకుని, వీపు నావైపు తిప్పి నిలబడేది. దారిన పోయేవాళ్ళెవరైనా తిరిగి చూస్తే, "ఏందప్పా చూస్తాండావ్? నీ యింట్లో ఆడోళ్ళు లేరా?" అని గట్టిగా అడిగేది. వాళ్ళు తలొంచుకుని పోయేవాళ్ళు.

తర్వాత నాలుక పగిలింది. కారం సంగతి అటుంచి, ఉప్పు తగిలినా మంట. పాలు ఎండిపోయాయి. పిల్లకు ఓబులక్కే దూదితో ఆవుపాలు పిండి పట్టేది. నేను మంచంలోంచి చూస్తూ ఉండేదాన్ని.

అహోబిలం పండితుల కుటుంబానికి చెందిన ముసలి వైద్యుడు ఒకాయన ఆళ్ళగడ్డలో ఉండేవాడు. అయ్యవారు అనేవాళ్ళం. ఆయన నాడి పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. "గ్రహణి" అన్నాడు, అంటే తిన్నది అరగక పోయే విరేచనాల జబ్బు. అన్నం తగ్గించి, వెన్న పూర్తిగా తీసిన పల్చటి మజ్జిగలో వేయించిన జీలకర్ర, శొంఠి వేసి పూటపూటకూ తాగమన్నాడు. దానిమ్మ తోలు కషాయం ఇచ్చాడు. అది పడ్డ పది రోజులూ కాస్త తెరిపి కలిగింది. కానీ అత్తకు అది నచ్చలేదు. "బాలింతకు మజ్జిగ పోస్తారా యాడన్నా? ముందే ఎముకల గూడైపాయ" అని మాన్పించింది. ఆమెది చెడ్డబుద్ధి కాదు. నేను ఆమె కళ్ళముందే కరిగిపోతున్నాను, ఆమెకు భయం. ఆ భయంలో మళ్ళీ నెయ్యి అన్నం పెట్టించింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

ఆ ఏడు చివరికి నన్ను చూడవచ్చినవాళ్ళందరూ ఒకే మాట అనేవాళ్ళు. "తింటానే ఉంది గదా, ఒంటికి ఎందుకు పట్టడంల్యా? తినిండేదంతా యాడికి పోతాంది?"

ఈ ప్రశ్న మంచిదే. డాక్టరును అడగాల్సిన ప్రశ్న. మావాళ్ళు దాన్ని వేరేవాళ్ళను అడిగారు.

1956, మొదటి నెలలు

అత్త తమ్ముడు ఆత్మకూరు వైపునుంచి ఒక మనిషిని తీసుకొచ్చాడు. పెట్టుడుమందు కక్కించడంలో పేరున్నవాడట. అన్నంలో ఎవరో మందు కలిపి పెడితే అది పేగుకు అంటుకుని, తిన్నదంతా అదే తినేస్తుందని ఆ రోజుల్లో గట్టి నమ్మకం.

పట్టపగలు, వసారాలో నన్ను కూర్చోబెట్టారు. ఇంటివాళ్ళందరూ చుట్టూ ఉన్నారు. ఓబులక్క పిల్లను ఎత్తుకుని గడపలో నిలబడింది. ఆ మనిషి ఏదో ఆకు పసరు తాగించాడు. ప్రాణం గొంతులోకి వచ్చేలా వాంతి అయింది. అతను అందులో పుల్లతో కెలికి, నల్లటి ఉండ ఒకటి తీసి ఆకు మీద పెట్టాడు. వెంట్రుకల్లాగా ఏవో చుట్టుకుని ఉన్నాయి.

"ఇదో, చూసుకోండి. పెట్టి ఆరు నెలలైంది" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "నీకు అన్నం పెట్టేదెవురు మ్మా?" అని అడిగాడు.

"ఓబులక్క" అన్నాను.

నేను చెప్పింది నిజమే. ఇంట్లో అందరికీ అన్నం పెట్టేది ఆమే. కానీ ఆ మాట నోట్లోంచి రాగానే అందరూ గడపవైపు తిరిగారు. అత్త లేచి, గడప దగ్గరికి పోయి, ఓబులక్క చేతుల్లోంచి పిల్లను లాక్కుంది. పిల్ల ఏడ్చింది.

"నీ కడుపు కాయలేదని దాని కడుపు ఎండగొడ్తావా మే?" అంది అత్త.

ఓబులక్క అత్తవైపు చూడలేదు. మొగుడివైపు కూడా చూడలేదు. నావైపు చూసింది. "లచ్చుమీ, నువ్వు చెప్పు" అంది.

నేను తల వంచుకున్నాను.

ఈ మాట రాయడానికే ఇన్ని కాగితాలు ఖర్చు చేశాను. ఆమె మందు పెట్టలేదని నాకు తెలుసు. ఎండలో కొంగు అడ్డం పట్టుకుని నిలబడినదెవరో నాకు తెలియదా? మరి ఎందుకు నోరు తెరవలేదంటే, ఆ ఉండ బయటికి వచ్చిందంటే నేను బతుకుతాననుకున్నాను. ఎవరో పెట్టినదైతే తీసేయొచ్చు. ఎవరూ పెట్టనిదైతే నా ఒంట్లోనే పుట్టినట్టు. దానికి మందు యాడుంది? నా బతుకు మీది ఆశకు ఆమెను బదులు ఇచ్చాను. ఇరవై ఏళ్ళ పిల్లను, ఒంట్లో సత్తువ లేదు, నిజమే. కానీ తల వంచుకోవడానికి సరిపడా సత్తువ ఉండింది గదా, లేదు అనడానికి అంతకన్నా ఎక్కువ కావాలా?

మరుసటి రోజు ఓబులక్క బట్టల మూట కట్టుకుని అన్న ఇంటికి, కొత్తపల్లెకు పోయింది. బావగారు వెంటపోలేదు. పోతూ పోతూ పాలగిన్నె కడిగి బోర్లించి, దూది ఎక్కడుందో పక్కింటామెకు చెప్పి పోయిందట.

నాకు నయం కాలేదు. ఇంకా ముదిరింది. పాదాలు వాచాయి. లేచి నిలబడితే కళ్ళకు చీకట్లు కమ్మేవి. పక్షం రోజులకు నాయనకు కబురు పోయింది, పరుగెత్తుకొచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. తలపాగా తీసి భుజాన వేసుకుని, మా ఆయనతో, "అప్పా, బస్సు ఎన్నింటికి?" అని మాత్రం అడిగాడు.

నంద్యాల ఆసుపత్రి

ఆళ్ళగడ్డనుంచి నంద్యాలకు బస్సులో పోయినంత సేపూ నాకు ఒకటే భయం, మధ్యలో కడుపు కదిలితే ఏం చేయాలని. నాయన డ్రైవరు దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పాడు. ఆ డ్రైవరు శిరివెళ్ళ దాటాక ఒకసారి, తర్వాత ఇంకోసారి, చెట్లున్న చోట తనంతట తానే బస్సు ఆపాడు. "ఇంజన్ కాగింది, కొంచెం సేపు దిగండి" అన్నాడు అందరితో. రెండోసారి ఒకాయన గొణిగితే, "యాడికప్పా అంత బేగా?" అన్నాడు. ఆ డ్రైవరు పేరు తెలియదు. ఇప్పటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను.

ఆసుపత్రి వరండాలో పొడుగు బల్లలు. పల్లెలనుంచి వచ్చినవాళ్ళు సద్దిమూటలతో తెల్లవారకముందే వరుసలో కూర్చునేవాళ్ళు. ఒకరి జబ్బు ఒకరు అడిగి తెలుసుకునేవాళ్ళు. ఎవరైనా లోపలికి పోయి నవ్వుతూ బయటికొస్తే మిగతావాళ్ళందరి ముఖాలూ కాస్త విచ్చుకునేవి. మేము రెండు రోజులు ఆ వరండాలోనే ఉన్నాం.

లోపల ఉన్నది ఆడ డాక్టరు, నడివయసు మనిషి. నా నాలుక చూసింది, కళ్ళ కింద రెప్ప లాగి చూసింది, కడుపు మీద చెయ్యేసి నొక్కి చూసింది. తర్వాత అన్నీ అడిగింది. మల పరీక్ష, రక్త పరీక్ష చేయించింది. పెట్టుడుమందు సంగతి నాయన మొహమాటపడుతూ చెప్పాడు.

"ఎవరూ ఏమీ పెట్టలేదు పెద్దాయనా" అంది ఆమె. "చిన్నపేగు లోపలి పొర దెబ్బతిన్నది. తిన్నదాన్ని అది పీల్చుకోలేకపోతోంది. అంతా అలాగే బయటికి పోతోంది. ఈ జబ్బు కొత్తది కాదు, చాలామందిని చూశాను."

"అంటే నీళ్ళు కట్టినా ఇంకని నేల మాదిరి" అన్నాడు నాయన.

"సరిగ్గా అదే."

"చౌడు పట్టినట్టు. అది ఒగ తడికి బాగుకాదు తల్లీ. ఓపిక పట్టల్ల."

డాక్టరమ్మ నవ్వింది. "మీ నాయనకు నాకన్నా బాగా అర్థమైంది" అంది నాతో.

రోజు మార్చి రోజు సూది. పూటకొక పసుపుపచ్చ మాత్ర, ఆవగింజకు అన్న మాదిరి చిన్నది. తిండి సంగతి వచ్చేసరికి, ముందు ఏమి తిన్నప్పుడు తెరిపి కలిగిందని అడిగింది. అయ్యవారి మజ్జిగ సంగతి చెప్పాను. "ఆయన సరిగ్గానే చెప్పాడు. ఎందుకు ఆపారు?" అంది. మళ్ళీ అదే మొదలుపెట్టమంది. వెన్న తీసిన మజ్జిగ, మెత్తగా చితికిన గంజి అన్నం, బాగా మాగిన అరటిపండు. నూనె, నెయ్యి, కారం కొన్నాళ్ళు దగ్గరికి రానివ్వొద్దంది.

అరటిపండు అన్న మాట వినగానే నాయన ముఖం చూడాలి. ఇన్నాళ్ళూ ఏమీ చేయలేక చేతులు నలుపుకుంటున్న మనిషి. తోట వదిలి ఆసుపత్రి ఆవరణలోనే ఒక చెట్టు కింద కాపురం పెట్టాడు. ఊరినుంచి నంద్యాల సంతకు వచ్చే బండ్లలో గెలలు తెప్పించేవాడు. తోలు మీద నల్లమచ్చలు పడేదాకా గోనెపట్టాలో కప్పి ఉంచి, రోజుకు రెండు మూడు తీసి, దారాలు వలిచి, చేత్తో మెత్తగా మెదిపి తెచ్చేవాడు. కవ్వం కూడా తెప్పించుకున్నాడు. చెట్టు కింద గొంతుకూర్చుని మజ్జిగ చిలికేవాడు. మగవాడు కవ్వం పట్టుకున్నాడని పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన వాళ్ళకు కూడా తలా ఒక గ్లాసు పోసేవాడు. పది రోజులకు వార్డులో సగంమంది ఆ మజ్జిగకు అలవాటు పడ్డారు.

ఆ కవ్వం చప్పుడు వింటూ మంచంలో పడుకోవడం నా జీవితంలో మంచి రోజులని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అలా అనుకోలేదు. అప్పుడు బతుకుతానా లేదా అనే లెక్కలోనే ఉన్నాను.

పక్క మంచం మీద నంద్యాల గాజుల దుకాణం బీబమ్మ ఉండేది. నా గాజులు మోచేతిదాకా జారి, చెయ్యి వేలాడేస్తే నేల మీద పడుతుండేవి. గాజులు రాలడం అరిష్టమని నేను ఏడిస్తే, ఆమె తన కొడుకుతో పసిపిల్లల గాజులు తెప్పించింది. "ఏమే, నీకు నాలుగేండ్ల పిల్ల సైజు పడతాంది. దుడ్లు కూడా తక్కువే" అంటూ తొడిగింది. ఎన్నో నెలల తర్వాత ఆ రోజు నవ్వాను. నవ్వితే నాలుక పగుళ్ళు మండాయి.

మూడో వారంలో మా ఆయన వచ్చాడు. వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. పిల్ల పాలు తాగడం లేదు. ఎవరు పట్టినా మొహం తిప్పుకుంటోంది. వేళ్ళు చప్పరించి చప్పరించి నిద్రపోతోంది.

"ఓబులక్కను పిల్చుకోని రా" అన్నాను.

"అమ్మ ఒప్పుకోదు."

నాయన అరటిపండు మెదుపుతున్నవాడు చెయ్యి ఆపాడు. "మీ అమ్మ ఒప్పుకునేదాక బిడ్డ ఉంటాదా అప్పా?" అన్నాడు.

మా ఆయన లేచి, నేరుగా కొత్తపల్లెకు పోయాడు. ఓబులక్క ఆ సాయంత్రమే బయల్దేరిందట. ఇంట్లో అడుగు పెడుతూ అత్తతో, "బిడ్డ కోసం వచ్చినా. మీ కోసం కాదు" అని చెప్పిందట. పిల్లను ఒళ్ళోకి తీసుకుని దూది ముంచి పడితే, పిల్ల ఒక్క గుక్కన గిన్నె ఖాళీ చేసిందని తర్వాత మా ఆయన వచ్చి చెప్పాడు. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆమెను పిలిపించింది నేనే. అయినా ఆమె తప్పు లేదని ఒక్క ముక్క మా ఆయనతో అనలేదు. పిల్ల బతకాలని పిలిపించాను, అంతే.

1956, మిగిలిన ఏడాది

ఆరు వారాలకు ఆసుపత్రినుంచి పుట్టింటికి తీసుకుపోయాడు నాయన. సూదులు తగ్గాయి, పసుపు మాత్రలు మాత్రం చాలాకాలం సాగాయి.

మా వీధిలోని ఆ అమ్మాయి ఇది చదివితే ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. మజ్జిగా అరటిపండూ నన్ను నిలబెట్టాయి, కానీ అవొక్కటే నన్ను లేపలేదు. మాత్రలు లేకపోతే లేచేదాన్ని కాదు. మాత్రలొక్కటే మింగి ఊరిబిండి తినివుంటే కూడా లేచేదాన్ని కాదు. కొంచెం కొంచెంగా తినాలి, ఆరుసార్లు తిన్నా ఫర్వాలేదు. నమిలి తినాలి. నీళ్ళు కాచి చల్లార్చి తాగాలి. ఏదైనా కొత్తది తినేటప్పుడు రోజుకు ఒక్కటే, పిడికెడే. కడుపు ఒప్పుకుంటే మూడో రోజు ఇంకొంచెం. అన్నిటికన్నా ముందు, నయమవుతుందా అని పూటపూటకూ కడుపును తడిమి చూసుకోవడం మానాలి. మొలకెత్తిందా అని విత్తనాన్ని రోజూ తవ్వి చూడొద్దని నాయన తిట్టేవాడు.

వానాకాలంలో ముఖంలోకి రక్తం వచ్చింది. చలి మొదలయ్యేసరికి బీబమ్మ తొడిగిన గాజులు చేతికి బిగుసుకుపోయి ఊడిరాలేదు. పగలగొట్టాల్సి వచ్చింది. ఆ ముక్కలు చూసి నాయన పండగలాగా నవ్వాడు. ఆ ఏడే రాష్ట్రం పెద్దదైంది, రాజధాని కర్నూలునుంచి హైదరాబాదుకు పోయింది. ఊరంతా రచ్చబండ మీద అవే మాటలు. నాకు మాత్రం ఆ ఏడు జరిగిన పెద్ద విశేషం, ఒక రోజు జొన్నరొట్టె ముక్క తింటే అరగడం.

1957

పిల్లకు ఏడాదిన్నర నిండాక ఆళ్ళగడ్డకు తిరిగి వెళ్ళాను. పిల్ల నన్ను చూసి ఓబులక్క కాళ్ళ వెనక దాక్కుంది. "అమ్మా" అని ఆమె చీర పట్టుకుంది. ఓబులక్క వంగి, పిల్ల చేతులు విడిపించి, "అమ్మ ఆడ, అదో" అని నన్ను చూపించింది. పిల్ల రాలేదు. చాలా రోజులు రాలేదు.

మరుసటి రోజు వసారాలో అందరూ ఉండగా, అత్త తమ్ముడు కూడా వచ్చి ఉండగా, గుండె చిక్కబట్టుకుని చెప్పాను. "అత్తా, నాకు ఎవురూ మందు పెట్టలేదంట. పేగు జబ్బంట. డాక్టరమ్మ చెప్పింది."

అత్త, "డాక్టర్లకేం తెలుసు మ్మా" అని గొణిగింది గానీ గొంతులో పట్టు లేదు. తమ్ముడు తుండుగుడ్డ దులుపుకుని లేచి బయటికి పోయాడు. ఓబులక్క చేటలో జొన్నలు చెరుగుతోంది. చెయ్యి ఆపకుండానే అంది:

"డాక్టరమ్మ చెప్పింది, సరే. నువ్వేమంటావు?"

నాకు ఆ రోజే తెలుసు అనాలి. నీవు కాదని తెలిసే ఊరుకున్నాననాలి. అందరి ముందూ ఆ మాట అనలేకపోయాను. డాక్టరమ్మ వెనక దాక్కున్నాను. ఆమె చెరిగిన జొన్నలు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

తర్వాత రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. పోట్లాడుకోలేదు. ఆమె వండేది, గిన్నె తెచ్చి నా ముందు పెట్టి పోయేది. తన చేత్తో నా తట్టలోకి మాత్రం వడ్డించేది కాదు. పిల్ల క్రమంగా నాకూ చేరువైంది. ఇద్దరికీ పంచిన పిల్ల అని ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో మేమిద్దరం కూడా కలిసేవాళ్ళం. ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా.

1959

పత్తి తీసే రోజుల్లో ఓబులక్క ముఖం తెల్లబారడం గమనించాను. నీళ్ళ బిందె దించి గడపలో కూర్చుండిపోయేది. పొయ్యి దగ్గర ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో రొట్టె తట్టేది. ఏమైందంటే, "ఏం ల్యా" అనేది. ఒకరోజు పెరట్లో గోడమట్టి పెళ్ళ విరిచి నోట్లో వేసుకుంటూ కనిపించింది.

"నంద్యాలకు పోదాం పద" అన్నాను.

"యాడికీ రాను. పని యెవురు చేస్తారు?"

"పని మీద మన్ను పడ. నువ్వు రాకపోతే డాక్టరమ్మను ఈడికే తోడుకొస్తా."

అది కుదరని పని అని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె నా గొంతు విని కొంచెం బెదిరింది. నేను ఆ ఇంట్లో అంత గట్టిగా మాట్లాడడం అదే మొదటిసారి. "నువ్వు పోయిరా ఓబులా, పిల్లను నేను చూసుకుంటా" అంది అత్త చివరికి.

అదే వరండా, అవే బల్లలు. డాక్టరమ్మకు కొంచెం జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా వంటబట్టిందే!" అంది. ఓబులక్కను పరీక్షించింది. ఏడాదిగా కడుపునొప్పి ఉందని అప్పుడే బయటపడింది. కడుపులో కొంకిపురుగులు, అవి రక్తం తాగేశాయని చెప్పింది. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచి పురుగులకు మందు ఇచ్చింది. రక్తం పట్టడానికి సీసా మందు రాసింది. చేలోకి చెప్పులు లేకుండా పోవద్దంది. ఆ నాలుగు రోజులూ ఆమె గంజి, మజ్జిగ, బట్టలు అన్నీ నేనే చూశాను. ఆమె తర్వాత మూడు నెలల్లోనే మామూలు మనిషైంది. ఎంతో కాలం బతికింది, నా కూతురి పెళ్ళిలో తలంబ్రాల పళ్ళెం పట్టుకున్నది ఆమే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క ఆమె, ఇవతల నేను. శిరివెళ్ళ దాటాక అడిగాను.

"ఏడాదిగా నొప్పి పెట్టుకోని ఎందుకు చెప్పలేదక్కా? నాకన్నా చెప్పకూడదా?"

ఆమె కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూసింది.

"చెప్తే మల్లా ఎవురో మందు పెట్టినారంటారు. ఇంట్లో ఇంగెవురుండారు? నువ్వే గదా. నీ మీద పెడ్తారు" అంది.

నా నోట్లోంచి ఆ మాటలు వాటంతట అవే వచ్చాయి. బస్సు నిండా మనుషులున్నారు. ముందు సీటువాళ్ళు వింటున్నారని తెలుసు. అయినా ఆపలేదు.

"నాకు ఆ పొద్దే తెలుసక్కా. నువ్వు కాదని తెలిసే ఊరకుండినా. బతకల్లనే ఆశతో నిన్ను ముందుకు తోసినా. తప్పు నాది. డాక్టరమ్మ చెప్పకముందే నాకు తెలుసు."

ఓబులక్క నావైపు తిరిగింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయో, ఎదురుగాలికి అలా అయ్యాయో చెప్పలేను.

"తెలుసు" అంది. "నీ నోటితో వినల్లని ఉండె. ఇంగ చాలు."

కాసేపటికి ఆమె తల నా భుజం మీదికి ఒరిగింది. నిద్రపోయింది. మనిషి బరువు తగ్గి, దూదిబొమ్మలా ఉంది. ఆమెకు కుదుపు తగలకుండా నేను కదలకుండా కూర్చున్నాను. నా చెయ్యి తిమ్మిరెక్కింది. ఆళ్ళగడ్డ వచ్చేసరికి ఆమే ముందు లేచి, నన్ను మోచేత్తో పొడిచింది.

"దిగు మే, ఊరొచ్చింది."